మీ అకౌంట్ ఎక్కడుంటే కేసు అక్కడే

చెక్ బౌన్స్ అయిన చిన్న వ్యాపారిని "ఇచ్చినాయన బ్యాంకు ఢిల్లీలో ఉంది, కేసు అక్కడే వేసుకోవాలి" అని ఇప్పటికీ తిప్పి పంపేస్తున్నారంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మాటకు కాలం చెల్లి పదేళ్లు దాటింది.

మా గుంటూరు మిర్చి యార్డు సంగతే చూడండి. సరుకు లారీ ఎక్కి ఢిల్లీకో ఇండోర్‌కో వెళ్లిపోతుంది, చెక్కు చేతికొస్తుంది. బ్యాంకులో వేస్తే 'ఫండ్స్ ఇన్‌సఫిషియెంట్' అని రిటర్న్ మెమో. ఫోన్ చేస్తే మొదట్లో వచ్చే వారం సర్దుతానంటాడు, ఆ తర్వాత స్విచాఫ్. రైతుకి మాత్రం ఇక్కడి వ్యాపారి అప్పటికే డబ్బు కట్టేసి ఉంటాడు. ఇలాంటి మనిషి ప్రతి వాయిదాకీ ఢిల్లీ రైలెక్కాలా? అక్కడి లాయరు ఫీజుకే సగం బాకీ కరిగిపోతుంది.

1999లో భాస్కరన్ కేసులో సుప్రీంకోర్టు చెక్కు రాసిన చోటా, వేసిన చోటా, తిరిగొచ్చిన చోటా, నోటీసు ఇచ్చిన చోటా ఎక్కడైనా కేసు పెట్టుకోవచ్చంది. కొందరు దాన్ని అదునుగా తీసుకుని, సంబంధం లేని ఊరి నుంచి నోటీసు పంపి కేసులు వేసిన మాట నిజమే. దాంతో 2014 ఆగస్టు 1న దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ తీర్పు వచ్చింది. చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్న చోటే కేసు అన్నారు. సాక్ష్యాల దశకు రాని కేసులు వాపసు తీసుకుని 30 రోజుల్లో అక్కడ వేసుకోమన్నారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే అయింది.

నష్టం చూసి ప్రభుత్వం 2015 జూన్ 15న ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరు కల్లా చట్టం చేసింది. ఇప్పుడు చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 142(2) ప్రకారం, చెక్కును మీ అకౌంట్లో వేస్తే ఆ అకౌంట్ ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టుదే అధికారం. మీరు చెక్కు తిరుపతి బ్రాంచిలో వేసినా, అకౌంట్ గుంటూరు బ్రాంచిలో ఉంటే కేసు గుంటూరులోనే. బేరర్ చెక్కు పట్టుకుని నేరుగా ఇచ్చినవాడి బ్యాంకు కౌంటర్‌కి వెళ్తేనే అక్కడి కోర్టు.

ఎక్కడ వేయాలన్న మీమాంసలో జనం గడువులు పోగొట్టుకోవడం ఇంకా బాధ. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో నోటీసు వెళ్లాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆపై నెలలోపు కేసు. కేసు వేయడంలో ఆలస్యానికి సరైన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. నోటీసు ఆలస్యానికి ఆ వెసులుబాటు లేదు. మూడు నెలల చెల్లుబాటులో చెక్కును మళ్లీ వేసి, మళ్లీ బౌన్సయితే కొత్తగా నోటీసు ఇవ్వొచ్చు. నోటీసు గడువు తప్పి ఆ మూడు నెలలూ దాటాయా, చెక్ బౌన్స్‌ను నేరంగా చూసే సెక్షన్ 138 దారి మూసుకుపోయినట్టే.

అయితే ఇదే రూలు ఫైనాన్స్ కంపెనీల చేతిలో ఉరితాడు అవుతోంది. మా వీధిలో ఆటో నడిపే కుర్రాడు లోన్ తీసుకునేటప్పుడు ఇక్కడి బ్రాంచిలోనే సంతకాలు పెట్టిన ఖాళీ చెక్కులిచ్చాడు. కంపెనీ వాటిలో ఒకటి చెన్నై అకౌంట్లో వేసింది. సమన్లు చెన్నై కోర్టు నుంచి వచ్చాయి. ఆటో తిప్పకపోతే ఇంట్లో పొయ్యి వెలగనివాడు చెన్నై వాయిదాలకు ఎలా తిరుగుతాడు? కేసును ఇంకో రాష్ట్రానికి మార్చమంటే సుప్రీంకోర్టుకే పోవాలి. 138 కేసుల్లోనూ తనకు ఆ అధికారం ఉందని 2023లో యోగేష్ ఉపాధ్యాయ్ కేసులో కోర్టు చెప్పింది, సంతోషం. కానీ ఆటో కుర్రాడు ఢిల్లీలో పిటిషన్ వేయగలడా?

మిర్చి వ్యాపారికి దూరాన్ని తెచ్చిపెట్టింది ఎగ్గొట్టినవాడు. ఆటో కుర్రాడికి తెచ్చిపెట్టింది ఊళ్లోనే ఆఫీసు పెట్టుకున్న కంపెనీ. ఇద్దరికీ ఒకే రూలు న్యాయం కాదు. 142(2)లో ఒక్క మినహాయింపు చేర్చండి: బ్యాంకు గానీ ఫైనాన్స్ సంస్థ గానీ వేసే చెక్ కేసు, ఆ లోన్ ఇచ్చిన బ్రాంచి ఉన్న ఊరి కోర్టులోనే నడవాలి.