ఒంట్లో పెట్టిన పరికరం పేరు రోగికి తెలియాలి

పాలకొల్లులోనైనా, రాజోలులోనైనా ఏ వీధికి వెళ్లినా మోకాలి చిప్పలు మార్పించుకున్నవారో, తుంటి ఆపరేషన్ అయినవారో, గుండెకు స్టెంట్ వేయించుకున్నవారో ఒకరిద్దరు కనిపిస్తారు. మీకు వేసింది ఏ కంపెనీదని అడగండి. ‘మంచిదే వేశామన్నారండీ’ అంటారు, అంతకుమించి చెప్పలేరు. రేపు ఆ పరికరంలో లోపం ఉందని తేలి కంపెనీ దాన్ని వెనక్కి పిలిస్తే ఆ కబురు వీరికి చేరే దారేదీ ఇప్పుడు లేదు. కబురే చేరనివారు పరిహారం ఎలా అడుగుతారు?

దేశం ఒకసారి ఈ దెబ్బ తింది. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డీప్యూ తయారుచేసిన ఏఎస్‌ఆర్ తుంటి కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. లోహానికి లోహం ఒరుసుకుని కోబాల్ట్, క్రోమియం రక్తంలో కలిశాయి. కీలు చుట్టూ కండ పాడైంది. ఒకసారి కోత పడ్డ చోటే మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అయిదేళ్లు తిరిగేసరికి నూటికి 12, 13 మందికి ఆ గతి పడుతోందని బయటపెట్టింది బ్రిటన్‌లోని కీళ్ల రిజిస్ట్రీ. ఎవరికి ఏ కీలు వేశారో అక్కడ పద్దు రాసి ఉంది కాబట్టే లోపం దొరికింది. మన దగ్గర దాదాపు 4,700 ఆపరేషన్లలో ఆ కీళ్లు వాడారు. దీనిపై కేంద్రం వేసిన అరుణ్ అగర్వాల్ కమిటీ 2018లో నివేదిక ఇచ్చేనాటికి వారిలో మూడు వేల మందికి పైగా రోగుల ఆచూకీయే దొరకలేదు.

ఆచూకీ దొరకని చోటే పరిహారం లెక్కా తేలిపోయింది. నష్టాన్ని బట్టి 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల దాకా ఇవ్వాలని కేంద్రం 2018 చివర్లో సూత్రం ఖరారు చేసింది. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2019 మేలో, అప్పటికి పరిశీలన పూర్తయిన 67 మందికి తలా 25 లక్షలు ఇస్తామంది. అదే కీళ్ల విషయంలో అమెరికాలో 2013లోనే సుమారు 8,000 మందికి 250 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. నొప్పి అక్కడా ఇక్కడా ఒకటే. అక్కడి బాధితుల చేతిలో రుజువు ఉంది, మనవారిలో ఎక్కువమంది దగ్గర లేదు.

ఆ రుజువు అగ్గిపెట్టె అంత కాగితం. ఇంప్లాంట్, అంటే ఒంట్లో అమర్చే పరికరం, వచ్చే పెట్టె మీద స్టిక్కర్లు ఉంటాయి. కంపెనీ పేరు, మోడల్ నంబరు, ఏ విడతలో తయారైందో చెప్పే లాట్ నంబరు వాటి మీదే ఉంటాయి. ఆపరేషన్ థియేటర్‌లో వాటిని ఒలిచి కేస్‌షీట్‌కు అంటిస్తారు, బిల్లుకు జతచేస్తారు. రోగి చేతికిచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం చాలాచోట్ల ‘తుంటి కీలు మార్పిడి చేయడమైనది’ అన్న ఒక్క వాక్యమే మిగులుతుంది. డబ్బు కట్టిన వారికి స్టిక్కర్ వెళ్తుంది, పరికరాన్ని ఒంట్లో మోసేవారికి వెళ్లదు. ఇది అన్యాయమని మేము నిష్కర్షగా చెబుతున్నాం.

ఆ కేస్‌షీట్ అయినా ఎన్నాళ్లు ఉంటుంది? ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు దాచాలన్నది 2002 నాటి వైద్య మండలి నిబంధన. అడిగిన 72 గంటల్లో నకలు ఇవ్వాలన్నదీ అందులోనే ఉంది. కీలు పదేళ్లో పదిహేనేళ్లో ఉండాలని వేస్తారు, దాని కాగితాన్ని మూడేళ్లకే పారేసే వీలిచ్చారు. వరద వస్తే పిల్లాపాపలతో గట్టెక్కాల్సిన లంక గ్రామాల వారు ఫైలు ఎక్కడ భద్రం చేసుకుంటారు? అందుకే ఆపరేషన్ అయినవారు ఈ వారమే ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి నకలు తెచ్చుకోవాలి. ఫోన్‌లో ఫొటో తీసి పిల్లలకు పంపి ఉంచాలి. రెండో ఆపరేషన్ చేయాల్సివస్తే తీసేసిన పరికరాన్ని తమకే ఇవ్వమని ముందే రాసివ్వాలి. లేకపోతే కేసుకు ప్రధాన సాక్ష్యం చెత్తలో కలిసిపోతుంది.

చట్టం పూర్తిగా చేతులెత్తేసిందనడం సరికాదు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టంలో ఉత్పత్తి బాధ్యతకు ప్రత్యేక అధ్యాయమే ఉంది. తయారీలో, డిజైన్‌లో లోపం ఉంటే తయారీదారు జవాబు చెప్పాలి, మానసిక వేదనకూ పరిహారం అడగొచ్చు. ఆపరేషన్ హైదరాబాద్‌లోనో వేలూరులోనో జరిగినా ఫిర్యాదు మనం ఉండే జిల్లా పరిధిలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో పనిలేకుండా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా లాయరును పొందొచ్చు, 15100కు ఫోన్ చేస్తే చాలు. వచ్చిన పరిహారంలో వాటా ఇస్తే కేసు నడుపుతామనే లాయర్లను నమ్మొద్దు. అలాంటి ఒప్పందం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

రీకాల్ అయిన, అంటే కంపెనీ వెనక్కి పిలిచిన, ప్రతి పరికరమూ ప్రతి ఒంట్లోనూ చెడిపోదు. భయపడి మందులు మానేయడం, చెకప్‌కు వెళ్లకపోవడం చేటు. కేసులోనూ రీకాల్ వార్త ఒక్కటే సరిపోదు, తన బాధకు ఆ లోపమే కారణమని వైద్య నివేదికలతో చూపించాలి.

అయితే ఈ చట్టంలో రెండు ముళ్లున్నాయి. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు గానీ, లోపం సంగతి తనకు ఏనాడు తెలిసిందో బాధితుడే నిరూపించుకోవాలి. రెండోది 87వ సెక్షన్. నిపుణుల పర్యవేక్షణలోనే వాడే వస్తువైతే, ఆ నిపుణులకు హెచ్చరిక చేర్చడానికి కంపెనీ తగిన ప్రయత్నం చేసి ఉంటే, హెచ్చరించలేదన్న ఆరోపణ కంపెనీ మీద నిలవదు. అంటే డాక్టరుకు ఉత్తరం వేసి కంపెనీ తప్పుకోవచ్చు. ఆ ఉత్తరం ఆసుపత్రి బల్ల మీదే ఆగిపోతే ముమ్మిడివరంలో కుంటుతున్న రోగికి దిక్కెవరు? వైద్యుడికి అందిన ప్రతి రీకాల్ కబురూ నిర్ణీత గడువులోగా రోగికి తెలుగులో చేరాలని, చేరినట్టు సంతకం ఉండాలని నిబంధన తేవాలి.

పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రుల సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మరి ప్రభుత్వ ఆసుపత్రిలో కీలు వేయించుకున్న కూలీ మనిషికి అదే కంపెనీ నుంచి అదే పరిహారం ఎందుకు దక్కకూడదు? కేంద్రం 2018లో చేసినట్టు ప్రతిసారీ కమిటీలు వేసి కూర్చోవడం కాక, చికిత్స ఎక్కడ జరిగినా వర్తించే పరిహార నియమాన్ని వైద్య పరికరాల నిబంధనల్లోనే చేర్చాలి.

రాష్ట్రం మాత్రం ఢిల్లీ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ అయిన ప్రతి రోగి పేరూ, ఊరూ, ఫోన్ నంబరూ ఆ పథకాన్ని నడిపే ట్రస్టు దగ్గర ఉన్నాయి. వాటికి ఇంప్లాంట్ లాట్ నంబరు జతచేస్తే రిజిస్ట్రీ సగం సిద్ధమైనట్టే. రీకాల్ వచ్చిన రోజున ఆశా కార్యకర్త చేతికి జాబితా ఇచ్చి ఇంటికి పంపవచ్చు. స్టిక్కర్ నకలు రోగికి ముట్టినట్టు సంతకం లేనిదే ఆసుపత్రి బిల్లు మంజూరు చేయబోమని ట్రస్టు ఒక్క షరతు పెట్టాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.