నీరో చేతిలో ఫిడేలు ఎవరు పెట్టారు?

నిన్న రాత్రి టీవీలో ఒక చర్చ చూస్తూ కూర్చున్నా. పావుగంటలో ముగ్గురు, ముగ్గురూ మూడు పార్టీల వాళ్ళే, "రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించినట్టుంది" అన్నారు. మన దగ్గర వరదొచ్చినా కరెంటు పోయినా ఆ నీరోని ఒకసారి లాక్కొచ్చి ఫిడేలు చేతికివ్వందే ఎవరికీ తృప్తి ఉండదు. నాకు మాత్రం విన్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది, ఎందుకో చెప్తా, కాస్త పెద్ద పోస్టు.

ముందు ఫిడేలు సంగతి. అది నీరో చచ్చిపోయిన పద్నాలుగొందల ఏళ్ళకి గానీ పుట్టలేదు. ఆయన వాయించింది కిథారా, ఒంటికి ఆనించి నిలబెట్టుకుని మీటే తీగల వాయిద్యం. క్రీ.శ. 64 జులైలో మంటలు లేచినప్పుడు ఆయన ఊళ్ళోనే లేడు, సముద్రం ఒడ్డున ఆంటియంలో ఉన్నాడు. తిరిగొచ్చి కొంపలు పోయినవాళ్ళ కోసం సొంత తోటలు తెరిపించాడనీ, ధాన్యం ధర తగ్గించాడనీ రాసింది ఎవరో భజనపరుడు కాదు, ఆయనంటే సుతరామూ పడని రోమ్ చరిత్రకారుడు టాసిటస్. మంటలు చూస్తూ ట్రాయ్ నగరం కాలిపోవడం గురించి పాడాడన్నది అప్పట్లో నడిచిన పుకారని కూడా ఆయనే రాశాడు. చక్రవర్తుల జీవితాలు రాసిన సుయటోనియస్ దగ్గరికొచ్చేసరికి పుకారన్న మాట ఎగిరిపోయింది, జరిగినట్టే రాసేశాడు. నీరో మంచివాడని నేననట్లేదు, కన్నతల్లిని చంపించినవాడి తరఫున వకాల్తా నాకెందుకు?

కానీ ఆ పెద్దమనుషుల రాతలు చదువుతుంటే ఒకటి తెలుస్తుంది. చంపినందుకు ఎంత మండిపడ్డారో, స్టేజీ ఎక్కి పాడినందుకు కూడా దాదాపు అంతే మండిపడ్డారు. చక్రవర్తి ఏంటి, పాటగాడేంటి, ఛీ! తిరుగుబాటు చేసిన విండెక్స్ అన్ని తిట్లు తిడితే, నీరోకి ఎక్కువ గుచ్చుకుంది "చెత్త పాటగాడు" అన్నదేనట.

రోమ్ వాళ్ళకి పాట కావాలి, ఆట కావాలి, ఆడేవాడూ పాడేవాడూ మాత్రం గడప అవతలే ఉండాలి. డబ్బు కోసం స్టేజీ ఎక్కినవాడికి చట్టం ముందు పరువు లేదు, ఆ మచ్చకి 'ఇన్ఫామియా' అని పేరు కూడా పెట్టారు. క్రీ.పూ. 18లో అగస్టస్ చక్రవర్తి తెచ్చిన చట్టం ప్రకారం సెనేటరు గానీ, కొడుకు గానీ, మనవడు గానీ నటిని పెళ్ళి చేసుకోకూడదు. ఆమె అమ్మానాన్నల్లో ఒకరు స్టేజీ మీద ఆడినా కుదరదు.

పరువు లేదు సరే, డబ్బులో? వెస్పాసియన్ పిసినారి చక్రవర్తి అని పేరు, మూత్రం మీద కూడా పన్ను వేసినవాడు. మార్సెల్లస్ థియేటర్‌ని బాగుచేయించి తెరిచినప్పుడు ఆ పిసినారే టెర్ప్నస్ అనే కిథారా గాయకుడికి 2 లక్షల సెస్టర్స్ (రోమ్ నాణేలు) ఇచ్చాడు. ఆ కాలంలో మామూలు సైనికుడి జీతం ఏడాదికి 900. లెక్క మీరే వేసుకోండి, రెండొందల ఏళ్ళ జీతం దాటుతుంది. కొడుకుని ఏం చదివిద్దామని తెగ టెన్షన్ పడుతున్న తండ్రికి మార్షియల్ అనే కవి ఇచ్చిన సలహా ఏంటంటే, డబ్బొచ్చే చదువు కావాలా, కవిత్వం మానిపించి కిథారా నేర్పించు, లేకపోతే టిబియా. వెటకారమే అనుకోండి, కానీ ఊళ్ళో ఉన్నదే కదా వెటకారంలోకి వస్తుంది.

టిబియా అన్నాను కదా. పుస్తకాల్లో ఫ్లూట్ అని రాస్తారు, నిజానికి రెండు గొట్టాలు ఒకేసారి నోట్లో పెట్టుకుని రీడుతో ఊదేది, పిల్లనగ్రోవి కన్నా మన సన్నాయికే దగ్గర చుట్టం. అది మోగకుండా అక్కడ బలి పూజ జరగదు, పూజ మధ్యలో అపశకునపు చప్పుడేదీ చెవిన పడకూడదని. మన పెళ్ళిలో తాళి కట్టే వేళకి గట్టిమేళం ఎందుకో తెలిసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. క్రీ.పూ. 311లో ఏమైందంటే, జూపిటర్ గుడిలో ఈ సన్నాయివాళ్ళకి ఎప్పటినుంచో ఉన్న భోజనం హక్కుని పైవాళ్ళు తీసేశారు. వీళ్ళు గొడవ పడలేదు, దండం పెట్టలేదు, అందరూ మూకుమ్మడిగా పక్కనున్న టిబూర్ వెళ్ళి కూర్చున్నారు. రోమ్‌లో పూజలకి ఊదేవాడు లేడు! సాక్షాత్తూ సెనేటే దూతల్ని పంపించింది. టిబూర్ వాళ్ళు నచ్చజెప్పి చూశారు, వినలేదు. చివరికి పండగ విందని తలా ఒక ఇంటికి పిలిచి, ఒళ్ళు తెలియనంత తాగించి, నిద్రలోనే బళ్ళకెత్తి రోమ్‌కి తోలేశారు. పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఎక్కడ? నడిబొడ్డున, ఫోరంలో, చుట్టూ జనం. బతిమాలితే ఒప్పుకున్నారు, కానీ ఊరికే కాదు. గుడి భోజనం తిరిగొచ్చింది, పైగా ఏటా మూడు రోజులు వేషాలేసుకుని ఊరంతా పాడుతూ తిరిగే హక్కు కూడా. తక్కువోళ్ళని పక్కన పెట్టినవాళ్ళని తక్కువోళ్ళు లేకుండా ఒక్క వారం గడిపి చూడమనడం, ఇంతకన్నా చక్కని సమ్మె నేను చరిత్రలో చదవలేదు.

ఇక చప్పట్ల సంగతి వింటే నవ్వొస్తుంది. ఈ పెయిడ్ బ్యాచ్‌లు మన ఆడియో ఫంక్షన్లలో పుట్టాయనుకునేరు. నీరో 5 వేల మందికి పైగా కుర్రాళ్ళని పోగేసి చప్పట్లు నేర్పించాడు, అలెగ్జాండ్రియా పద్ధతిలో. రకాలకి పేర్లు కూడా ఉన్నాయి: 'తేనెటీగలు', 'పెంకులు', 'ఇటుకలు'. గుంపు నాయకులకి తలా 4 లక్షలు! (పాడే టెర్ప్నస్‌కి వచ్చిన దానికి రెట్టింపు, అదీ పరిస్థితి.) ఆయన పాడుతుంటే మధ్యలో లేచి పోవడానికి వీల్లేదు కాబట్టి కొందరు చచ్చినట్టు నటించి పాడె మీద బయటపడ్డారని సుయటోనియస్ రాశాడు. నేను కొన్ని కచేరీల్లో కూర్చున్నవాణ్ణే, నమ్మబుద్ధి అవుతుంది.

వీటన్నిట్లో మామూలు జనం విన్న పాట ఎక్కడ? ఇక్కడే నా అసలు బాధ. దాని గురించి మనకి తెలిసిందంతా విసుక్కున్నవాళ్ళ నోటి నుంచే. తత్వవేత్త సెనెకా ఒక స్నానాల గది మీద అద్దెకుండేవాడు, కింద నీళ్ళలో కూర్చుని తన గొంతు తనకే నచ్చి పాడుకునేవాడి మీద చిరాకు. ఉత్తరాలకి పేరుపడ్డ రచయిత చిన్న ప్లినీ భోజనానికి పిలిస్తే ఒక స్నేహితుడు రాకుండా ఇంకెవరింట్లోనో ఆల్చిప్పల కూరకీ, గాడెస్ అమ్మాయిల ఆటకీ పోయాడు, దాని మీద ఒక ఉత్తరమంతా దెప్పుడు. గాడెస్ అంటే ఇప్పటి స్పెయిన్‌లోని కాడిజ్. ఆ అమ్మాయిల ఆటపాటలంటే ఊరంతా పిచ్చి, వాళ్ళ పాటలు కూనిరాగం తీసే సోకురాయుళ్ళని మార్షియల్ ఎగతాళి చేశాడు కూడా. ఎగతాళి మిగిలింది, రాగం పోయింది. ఆ అమ్మాయిల్లో ఒక్కరైనా కలం పట్టుకుని ఉంటే ప్లినీ గారి విందు ఎలా ఉండేదో మనకి తెలిసేది.

ఒక్కచోట మాత్రం ఎగతాళి లేదు. ఇప్పటి బుడాపెస్ట్‌లో, అప్పటి అక్వింకమ్‌లో, ఏలియా సబీనా అనే ఆవిడ రాతి శవపేటిక ఉంది. పాతికేళ్ళకే పోయింది. గొంతు బాగుండేది, తీగలు మీటేది, జనం ముందు నీటి ఆర్గాన్ (నీటి ఒత్తిడితో గొట్టాల్లోకి గాలి పంపి మోగించే వాయిద్యం) వాయించేది. రాయి చెక్కించిన మొగుడు కూడా ఆర్గాన్ వాయించేవాడే, అక్కడి సైనిక దళంలో జీతానికి. విద్యలో నన్ను మించింది అని రాయించాడు. అదే ఊళ్ళో 1931లో ఒక చిన్న ఆర్గాన్ కూడా బయటపడింది, 4 వరసల్లో 52 గొట్టాలు, మీద క్రీ.శ. 228 అని లెక్క తేలే రాత. ఒక పెద్దాయన దాన్ని కానుకగా ఇచ్చింది ఎవరికో తెలుసా? ఊళ్ళో మంటలార్పే సంఘానికి. ఆ సంఘం భవనం ఒకనాడు తగలబడింది, ఆర్గాన్ నేలమాళిగలో పడి మిగిలింది.