ఎన్ని లక్షలు వదిలారని కాదు, ఎలా పెంచారని అడగండి

తాటిపూడి రిజర్వాయర్లోనో మడ్డువలస రిజర్వాయర్లోనో చేపపిల్లలు వదిలిన ప్రతిసారీ ఎన్ని లక్షలో చెబుతారు. అవి ఎలాంటి చెరువులో పెరిగాయో ఎవరూ అడగరు. అసలు నష్టం అక్కడే మొదలవుతోంది.

నర్సరీలో రోజూ ఒకే వేళకి, ఒకే గట్టు పక్కన తవుడు, నూనెగింజల చెక్క పడతాయి. కలుపు ఉండదు, చాటు ఉండదు. అలా రెండు మూడు నెలలు పెరిగిన బొచ్చె, శీలావతి పిల్లలు గట్టు మీద అలికిడైతే చాలు, పైకి గుంపుగా వచ్చేస్తాయి. రిజర్వాయర్లో అదే పని చేస్తే నీటికాకికీ వాలుగకీ మేతే.

భయం పుట్టుకతోనే ఉంటుంది, ఎవరికి భయపడాలో నేర్చుకోవాలి. మినో అనే చిన్న చేప చర్మం చిట్లితే నీటిలో కలిసే పదార్థానికే తోటి చేపలు బెదురుతాయని 1938లో జీవశాస్త్రవేత్త కార్ల్ వాన్ ఫ్రిష్ చెప్పాడు. మన బొచ్చె, శీలావతి కూడా ఆ పెద్ద వర్గంలోవే. ఆ వాసనతోపాటు కొర్రమీను వాసన తగిలితే, తర్వాత కొర్రమీను వాసన ఒక్కటే సరిపోతుంది.

కాబట్టి చివరి మూడు వారాలు చెరువు తీరు మార్చాలి. ఆకు రాలిన సరుగుడు కొమ్మలు మోపుగా కట్టి, రాయి వేసి ముంచి, తాడు గట్టుకి కట్టండి. పచ్చి కొమ్మలు వేస్తే కుళ్ళి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. విడిగా వేస్తే లాగుడు వల చిరుగుతుంది. మేత బస్తా రోజుకో చోటికి మార్చి, తవుడు క్రమంగా తగ్గించండి. పేడనీళ్ళతో ప్లాంక్టన్ (చేపలు తినే సూక్ష్మజీవులు) పెంచండి: మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి కనపడకూడదు.

చివరి వారం పిల్లలున్న పెద్ద హాపా (నీటిలో కట్టే వల తొట్టి) పక్కన సన్నకన్ను బోనులో ఒక కొర్రమీను పెట్టి, అప్పుడే చచ్చిన పిల్ల చర్మం నూరి ఆ నీళ్ళు పొయ్యాలి. రెండుసార్లు చాలు. రోజూ చేస్తే మేత మానేస్తాయి, లేదంటే అలవాటుపడి బెదరడం మానేస్తాయి.

ఇంత చేసి మిట్టమధ్యాహ్నం, ఫొటో కోసం ఒకే రేవులో కుమ్మరించడం దారుణం! 80–100 మిల్లీమీటర్ల పిల్లని సాయంత్రం, గెడ్డ (వాగు) కలిసే చోట కలుపు మొక్కల దగ్గర, నాలుగైదు చోట్ల వదలాలి. సంచులు పావుగంట తేలనిచ్చి, రిజర్వాయర్ నీళ్ళు కొద్దికొద్దిగా కలిపాకే వంచాలి.

నమ్మకపోతే ఈ సీజన్లోనే తేల్చుకోండి. ఇలా పెంచినవాటికి కుడి కడుపు రెక్క, మామూలువాటికి ఎడమది కత్తిరించి, సమానంగా వదిలి, పట్టుబడిలో లెక్కపెట్టండి. రెక్కని మొదలంటా కొయ్యాలి, కొస మాత్రం కోస్తే మళ్ళీ పెరిగిపోతుంది.