సరస్సు సహకరించడం లేదు

విశ్రాంతి అనేది అలసిపోయినవాళ్ల చేతుల్లో పెట్టదగ్గ పని కాదు. వాళ్లకు ఓపిక ఉండదు, ప్రణాళిక ఉండదు, పడుకోమంటే నిజంగానే పడుకుంటారు. అందుకే ఈ రంగాన్ని బాధ్యత తెలిసిన కొందరు తమ భుజాల మీద వేసుకున్నారు. జనం జాడలేని ఏదో సరస్సు ఒడ్డుకు ఒంటరిగా వెళ్లి, చేతికందిన రెండు మూడు రోజుల్లోనే ప్రశాంతత సాధించి, సోమవారం ఉదయానికల్లా సీట్లో వచ్చి కూర్చునే ఈ సాధకుల గురించి సమాజం తగినంత ఆలోచించడం లేదని నా అభిప్రాయం. వాళ్ల కష్టాలు ఎవరికీ పట్టవు. సరస్సులకైతే అసలే పట్టవు.

కష్టాలు చోటు వెతకడం దగ్గరే మొదలవుతాయి. చోటు మారుమూల ఉండాలి. అక్కడికి ఎవరూ వెళ్లకూడదు. అయితే ఎవరూ వెళ్లరన్న సంగతిని, వెళ్లొచ్చినవాళ్లు వందల కొద్దీ రివ్యూల్లో ధ్రువీకరించి ఉండాలి. ప్రపంచానికి దూరంగా ఉండాలి కానీ గుమ్మం దాకా కారు వెళ్లాలి. ప్రకృతి ఉండాలి, పురుగు ఉండకూడదు. సిగ్నల్ లేని చోటికి పోతున్నానని నలుగురి ముందూ చెప్పాలి, గది మాట్లాడుకునేటప్పుడు వైఫై స్పీడెంతో మెల్లిగా కనుక్కోవాలి. ఇదంతా ఒకదానికొకటి పొసగదని కొందరు తేలిగ్గా మాట్లాడతారు. పొసగకపోవడం కాదు, ముందుజాగ్రత్త.

ఆ తర్వాత ప్రకటన. చెప్పాపెట్టకుండా ఏకాంతంలోకి వెళ్లిపోతే మన కోసం వేసేది లైకులు కాదు, 'కనబడుటలేదు' ప్రకటన. కాబట్టి ఒంటరిగా వెళ్తున్నామన్న విషయం వీలైనంత ఎక్కువమందికి తెలియాలి. ఆఫీసు మెయిల్‌కు ఆటో రిప్లై పెట్టాలి. అందులో 'అత్యవసరమైతే ఫోన్ చేయండి' అన్న వాక్యం తప్పక చేర్చాలి. చేర్చకపోతే ఎవరూ ఫోన్ చేయకపోవచ్చు. మనం లేకపోయినా పనులు జరిగిపోయాయని తెలిశాక ఏ మనిషికి విశ్రాంతి దొరుకుతుంది?

సంచిలోకి ఒక లావుపాటి పుస్తకం కూడా చేరుతుంది. ఎన్నాళ్లుగానో చదవాలనుకుంటున్నది. అది సరస్సు చూసి, గాలి మార్పు పొంది, అదే పేజీలో అదే గుర్తుతో ఆరోగ్యంగా ఇంటికి తిరిగొస్తుంది. మొత్తం ప్రయాణంలో నిజంగా విశ్రాంతి పొందేది అదొక్కటే.

ఇక చేరుకున్నాం. మొదటి రాత్రి. గదిలో మెత్తటి పరుపు, బయట చీకటి, తలలో మాత్రం డ్యూటీ. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఒక సంగతి బయటపెట్టారు. కొత్త చోట పడుకున్న మొదటి రాత్రి మన మెదడు పూర్తిగా నిద్రపోదట. గాఢనిద్రలో సైతం ఎడమ సగంలోని కొంత భాగం కాస్త మెలకువగా ఉండి, చిన్న చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతుందట. డాల్ఫిన్లు సగం మెదడుతో నిద్రపోతాయని మనకు తెలుసు. అవి నీళ్లలో ఉంటాయి కాబట్టి వాటికి ఓ అర్థముంది. మనం నీళ్ల ఒడ్డున, పరుపు మీద, తలుపు గడియ పెట్టుకుని మరీ ఆ పని చేస్తాం. నైట్ షిఫ్టులు తప్పించుకోవడానికి సెలవు పెట్టినవాడి చేత సొంత మెదడే జీతం లేని నైట్ షిఫ్టు చేయించడం ఏ కార్మిక చట్టం కిందకు వస్తుందో పెద్దలు ఆలోచించాలి.

సరే, మెదడు సగం మేలుకుంది, దానికి వినిపించేదేమిటి? నిశ్శబ్దం అని ప్రచారం. ఇక్కడే సరస్సుల మీద నా మొదటి ఫిర్యాదు. రాత్రిపూట నీటిని ఆనుకున్న గాలి చల్లబడుతుంది, దాని మీది గాలి కాస్త వెచ్చగా ఉంటుంది. చల్లగాలిలో శబ్దం నెమ్మదిగా, వెచ్చటి గాలిలో వేగంగా పోతుంది కాబట్టి, పైకెళ్లి మాయమైపోవలసిన శబ్దం వంగి తిరిగి నీటి మీదకే వస్తుంది. మధ్యలో దాన్ని ఆపడానికి చెట్టూ లేదు, గోడా లేదు. అంటే మనం ప్రశాంతత కోసం ఎంచుకున్నది చప్పుడును మోసుకురావడంలో చేయి తిరిగిన చోటు. అవతలి ఒడ్డున ఎవరో ఇద్దరు ఎవరి తప్పువల్ల దారి తప్పారో తేల్చుకుంటుంటే ఇవతలి ఒడ్డున ఏకాంతవాసి ప్రతి అక్షరమూ వింటాడు. అర్ధరాత్రికి తీర్పు కూడా చెప్పగలిగే స్థితికి వస్తాడు. (అతనిదే తప్పు.)

అవతలి ఒడ్డు పడుకున్నాక కప్పలు అందుకుంటాయి. అరిచేవి ఎక్కువగా మగ కప్పలు, అరిచేది తోడు కోసం. ఇక్కడొక సున్నితమైన సమస్య ఉంది. మనం ఒంటరితనం కావాలని పనులు మానుకుని, టికెట్ కొనుక్కుని వచ్చాం. కప్పేమో అదే ఒంటరితనాన్ని వదిలించుకోవడానికి గొంతు చించుకుంటోంది. ఒకే సరస్సు ఒడ్డున ఇద్దరి అర్జీలూ మంజూరు చేయడం ఎవరి తరమూ కాదు.

దోమ సంగతి మరీ దారుణం. కుట్టేది ఆడదోమే. చాలా రకాలు గుడ్లు పెట్టేది నిలవనీటిలో, మనిషిని వెతుక్కునేది అతను వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి. ఇప్పుడు విశ్రాంతి నిపుణులందరూ ముక్తకంఠంతో చెప్పేదేమిటి? నీటి ఒడ్డున కదలకుండా కూర్చోండి, కళ్లు మూసుకోండి, నిండుగా ఊపిరి పీల్చి నెమ్మదిగా వదలండి. ఈ సలహాను దోమల సంఘం తప్ప ఇంకెవరైనా ఇంత జాగ్రత్తగా తయారుచేసి ఉంటారా అన్న అనుమానం నాకు చాలాకాలంగా ఉంది.

ఇవన్నీ చుట్టుపక్కలవాళ్ల తప్పులు, పాపం సరస్సేం చేసిందంటారేమో. సరస్సుకు అద్దంలాంటి నిశ్చలత్వం అంటగట్టింది మనమే, అది ఎప్పుడూ మాటివ్వలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రాంస్వా అల్ఫోన్స్ ఫోరెల్ జెనీవా సరస్సును జీవితాంతం పట్టుకుని కూర్చున్నాడు. సరస్సుల శాస్త్రానికి ఆద్యుడని ఆయనకు పేరు. కదలకుండా ఉందనుకునే ఆ సరస్సు మొత్తంగా ఊగుతుందని ఆయన కొలిచి చూపించాడు. గాలి వల్లో, వాతావరణ పీడనంలో మార్పు వల్లో, పళ్లెంలో మోసుకెళ్తున్న నీళ్లలా ఒక కొసన దిగి రెండో కొసన లేస్తుంది. ఆ పెద్ద ఊపు ఒకటి పూర్తికావడానికి గంటంబావు దాకా పడుతుంది. మనం ఒడ్డున కూర్చుని 'ఆహా, ఎంత నిలకడ' అని మెచ్చుకుంటున్నప్పుడు అది చడీచప్పుడు లేకుండా అటు ఒరిగి ఉంటుంది.

లోపలి వ్యవహారం ఇంకా ఘోరం. నీరు అన్నిటికన్నా బరువుగా ఉండేది సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. చలి ప్రాంతాల లోతైన సరస్సుల్లో వేసవి అంతా వెచ్చటి నీరు పైన, చల్లటి నీరు అడుగున, ఒకదానితో ఒకటి మాటల్లేకుండా ఉంటాయి. శరదృతువులో పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. గాలి తోడైందంటే పైదీ కిందదీ కలిసిపోయి సరస్సంతా కలయతిరుగుతుంది. వసంతంలో మళ్లీ అదే తంతు. లోపల ఇంత గందరగోళం పెట్టుకుని పైకి నిమ్మకు నీరెత్తినట్టు కనిపించడం ఆఫీసులో మనం రోజూ చేసేదే. దాన్ని చూడ్డానికి అంత దూరం వెళ్లాలా?

ఇన్ని ఆటంకాల మధ్య సాధకుడు అసలు ఘట్టానికి చేరుకుంటాడు. ఒంటరిగా కూర్చుని, తన ఆలోచనలతో తాను గడపడం. దీనిపై అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఈ రంగంలో ఉన్నవాళ్లంతా చదవాలి. మనుషుల్ని ఖాళీ గదిలో పావుగంట ఒంటరిగా కూర్చోబెట్టారు. ఫోను లేదు, పుస్తకం లేదు. ఒక బటన్ మాత్రం ఉంది, నొక్కితే కరెంటు షాకు కొడుతుంది. ఆ షాకు ముందే రుచి చూసి, డబ్బిచ్చయినా తప్పించుకుంటామన్నవాళ్లనే లెక్కలోకి తీసుకున్నారు. ఆ పావుగంటలో 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు, కనీసం ఒక్కసారైనా తమకు తామే షాకు పెట్టుకున్నారు. ఒక మహానుభావుడు 190 సార్లు పెట్టుకున్నాడు. ఎవరెన్నిసార్లు పెట్టుకున్నారన్న సగటు లెక్కలోంచి ఆయన్ను పక్కన పెట్టారట, అన్యాయం. అలాంటివారికే కదా పెద్దపీట వేయాలి!

గది సంగతే ఇలా ఉంటే, సరస్సు ఒడ్డున పావుగంట కాదు, పొద్దస్తమానం కూర్చోవాలి. ఇంట్లో గ్యాస్ కట్టేశామా లేదా అన్న అనుమానం, ఎప్పుడో కాలేజీలో ఎవరికో చెప్పలేకపోయిన సరైన జవాబు, పంపకుండా వదిలేసిన ఫైలు, అన్నీ వరసకట్టి వచ్చి పక్కన కూర్చుంటాయి. బైకాల్ సరస్సు లోతు 1,642 మీటర్లు, ప్రపంచంలో అంతకన్నా లోతైనది లేదు. దాని ఒడ్డున కూర్చున్నా సరే, గ్యాస్ గురించిన అనుమానం గ్యాస్ గురించిన అనుమానమే.

అదృష్టవశాత్తూ ఆ బటన్ మన జేబులోనే ఉంటుంది. ఇబ్బందల్లా సిగ్నల్‌తోనే. ప్రతి మారుమూల సరస్సు దగ్గరా ఒక మిట్ట ఉంటుంది. దాని మీద ఒక బండరాయి పక్కన, ఎడమ చెయ్యి పైకెత్తి నిలబడితే ఒక గీత సిగ్నల్ వస్తుంది. సాయంత్రమయ్యేసరికి చుట్టుపక్కల ఏకాంతవాసులంతా అక్కడికి చేరతారు. అందరి చేతులూ పైకే. ఒకరి ఏకాంతానికి ఒకరు భంగం కలిగించకుండా ముఖాలు పక్కకు తిప్పుకుని, వంతులవారీగా ఆ రాయి పక్కన నిలబడి, 'ఇక్కడ నేనూ, ఈ నీళ్లూ తప్ప ఎవరూ లేరు' అని పంపిస్తారు. ఇంత క్రమశిక్షణ నేను వేరెక్కడా చూడలేదు.

దానికి జతచేసే ఫోటో గురించి కూడా చెప్పాలి. ఒడ్డున ఒంటరి మనిషి, వెనక నుంచి, నీటి వైపు చూస్తూ. తీసిందెవరని అడగడం మర్యాద కాదు. స్టాండు, పది సెకన్ల టైమరు ఉన్నాయి. ఆ పది సెకన్లలో రాళ్ల మీదుగా పరుగెత్తి, ఆయాసం అణచుకుని, భుజాలు వదులు చేసి, లోకాన్ని విడిచిపెట్టినట్టు నిలబడాలి. తల కాస్త కుడికి వాలకపోతే మళ్లీ మొదటి నుంచి. ఒక సాయంత్రంలో పాతిక సార్లు లోకాన్ని విడిచి, పాతిక సార్లు వచ్చి అది సరిగా పడిందో లేదో చూసుకోవడం యోగులకైనా సాధ్యమా?

ఇంత చేసినా ఫలితం ఏమిటంటే, లెక్కలు కలిసిరావడం లేదు. నెదర్లాండ్స్ పరిశోధకులు సుదీర్ఘమైన వేసవి సెలవుల్లో ఉన్న ఉద్యోగులను గమనించి 2013లో తేల్చిందేమిటంటే, సెలవుల్లో మనసూ ఒళ్లూ కుదుటపడటం త్వరగానే మొదలై ఎనిమిదో రోజుకు పతాకస్థాయికి చేరుతుంది. పనిలో చేరిన మొదటి వారంలోనే మళ్లీ యథాస్థితికి వచ్చేస్తుంది. మన సాధకుడి సెలవు మూడో రోజుకే అయిపోతుంది. అంటే అతని పరమానందం ఎనిమిదో రోజున, ఏదో మీటింగ్ మధ్యలో, ఎవరో స్లైడు మారుస్తుండగా రావాలి. వచ్చినా గుర్తుపట్టే స్థితిలో ఉండడు.

కాబట్టి ఒక సంస్కరణ ప్రతిపాదిస్తున్నాను. దీనికి ఆధారం కూడా డచ్చివారే. 1,530 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సెలవుకు వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్ల కన్నా ముందు నుంచే సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక చూస్తే ఇద్దరికీ పెద్దగా తేడా లేదు. సంతోషం ఎక్కడుందో ఇక విడమరిచి చెప్పాలా? చోటు వెతకడంలో ఉంది, బుక్ చేయడంలో ఉంది, ఆఫీసులో కిటికీ వైపు చూస్తూ 'వచ్చే వారం ఈపాటికి' అనుకోవడంలో ఉంది. దాన్ని పాడుచేస్తున్నది ప్రయాణమే. సరస్సుకు వెళ్లడం మానేస్తే ఈ పద్ధతిలో ఇక లోపమే లేదు. బుక్ చేయండి, అందరికీ చెప్పండి, సంచి సర్దండి, డబ్బు వాపసిచ్చే గడువు ముగిసేలోపు రద్దు చేసి, వెంటనే తర్వాతి నెలకు ఇంకో సరస్సు చూసుకోండి. ఏడాది పొడవునా వెళ్లబోతూనే ఉండవచ్చు. దోమలు లేవు, కప్పలు లేవు, మెదడు రెండు సగాలూ సొంత మంచం మీద హాయిగా పడుకుంటాయి.

అయితే అదే అధ్యయనంలో ఒక ఇబ్బందికరమైన మినహాయింపు ఉంది, దాచడం నాకు ఇష్టం లేదు. తమ సెలవు 'చాలా విశ్రాంతిగా' గడిచిందని చెప్పిన కొందరు మాత్రం తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లపాటు మిగతావాళ్ల కన్నా సంతోషంగానే ఉన్నారట. వీళ్లెవరో, ఏం చేశారో ఆ లెక్కలు చెప్పవు. నాకున్న అనుమానమైతే, వీళ్లేమీ చేయలేదు. సూర్యోదయానికి లేవలేదు. స్టాండు తీసుకెళ్లలేదు. మిట్ట ఎక్కలేదు. నీళ్ల ముందు కూర్చుని, ఆవలించి, కునుకు తీసి, లేచి, మళ్లీ కూర్చుని ఉంటారు. ఫోటోలేవని అడిగితే తీయలేదంటారు. అక్కడేం నేర్చుకున్నారని అడిగితే ఆలోచించి, గుర్తు లేదంటారు. ఆధారాల్లేని ఇలాంటి సంతోషాన్ని పరిగణనలోకి తీసుకుంటే రేపు ఎవరైనా వచ్చి హాయిగా ఉన్నామనేస్తారు. 190 సార్లు షాకు పెట్టుకున్న ఆయన్ను లెక్కలోంచి తీసేసినవాళ్లు, ముందు వీళ్లను తీసేయాలి.