ఆషాఢంలో తిరగండి, బేరం కుదురుతుంది
ఇల్లు కొనాలంటే దసరా, దీపావళి ఆఫర్లప్పుడు వెతకమని చెబుతుంటారు గానీ నా లెక్క వేరు. హైదరాబాద్‌లో కొనేవాళ్లు ఆషాఢంలో తిరగాలి. ఆ నెల గృహప్రవేశాలు ఉండవు, అడ్వాన్స్ ఇవ్వడానికి కూడా చాలామంది వెనకాడతారు కాబట్టి బిల్డర్ బేరానికి దిగొస్తాడు, పైగా వానలు మొదలై ఉంటాయి, సెల్లార్‌లో నీళ్లు నిలుస్తున్నాయా, గోడలకు చెమ్మ ఎక్కుతోందా అన్నీ కళ్ల ముందే కనిపిస్తాయి. మేము జనవరిలో చూసి మురిసిపోయిన వీధి 2020 అక్టోబర్ వానకి చెరువైంది (ఒకప్పుడు అది చెరువు శిఖమేనట, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి!). ఆషాఢం కంటే ముందు మే నెలలోనే మీరు కొనాలనుకునే ఏరియాకి ఒకసారి వెళ్లి బోర్లో నీళ్లున్నాయా, ట్యాంకర్లు తెప్పిస్తున్నారా అని వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్‌ని కాదు. రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకుంటే ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ ఉండదు.