అందరూ ఆహ్వానితులే

విశ్వవిద్యాలయాలు ప్రజలకు దూరమైపోయాయని ఆరోపించేవారు వాటి నోటీసు బోర్డులను ఎన్నడూ చదివి ఉండరు. కవి సమ్మేళనం, పుస్తకావిష్కరణ, నాటక ప్రదర్శన, కుటుంబ దినోత్సవం అక్కడ ఒకదాని మీద ఒకటి అంటించి ఉంటాయి. ప్రతి కాగితం అడుగునా అందరూ ఆహ్వానితులేనన్న ఉదారమైన ప్రకటన ఉంటుంది. కార్యక్రమం మాత్రం పనిరోజు ఉదయం పదకొండు గంటలకు, మూడో అంతస్తులోని సెమినార్ హాలులో, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపి రిజిస్టరులో సంతకం చేసినవారికి. ఉద్యోగం, బడి, ఇంటి పని ఏవీ లేనివారెవరైనా కుటుంబ సమేతంగా నిరభ్యంతరంగా రావచ్చు.

ఏ విషయం మీద సభ పెట్టాలన్న చింత నిర్వాహకులకు లేకుండా ఐక్యరాజ్యసమితి, యునెస్కో కలిసి ముందే ఏర్పాట్లు చేశాయి. ఏప్రిల్ 23 పుస్తకానిది, మే 15 కుటుంబానిది. ఫిబ్రవరి 21 మాతృభాషది. ఆనాటి నివేదికను ఏ భాషలో సమర్పిస్తారని అడగడం మర్యాద కాదు. మార్చి 21ని యునెస్కో 1999లో కవిత్వానికి కేటాయించగా, ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2012లో అదే తేదీని అడవులకు కూడా ఇచ్చింది. ఆ రోజు ఒకే బ్యానర్ మీద రెండు పేర్లూ వేయించి, ఒకే వక్తతో రెండు పనులూ జరిపించే పొదుపరితనాన్ని, కవితా సంపుటాలకు కాగితం ఎక్కడినుంచి వస్తుందో తెలిసినవారెవరూ తప్పుపట్టలేరు.

సాహిత్య సభలో సాహిత్యానికి స్థానం లేదనడం కూడా అన్యాయమే. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వేదిక ఎక్కి, ఒకరి గురించి ఒకరు నాలుగు మంచి మాటలు చెప్పుకున్న తరువాత, కవిగారికి తప్పకుండా అవకాశం ఇస్తారు. ఆయన పురస్కారాలను, పదవులను, వచ్చిన విమాన ప్రయాణపు శ్రమను పరిచయకర్త సావకాశంగా వివరించిన పిదప, సమయాభావం వల్ల ఒక్క కవితతో ముగించమని అధ్యక్షుడు చీటీ పంపుతాడు. కవి సహజంగానే తన కవితల్లో అన్నిటికన్నా పొడవైనదాన్ని ఎంచుకుంటాడు. ఎదుట కూర్చున్న విద్యార్థులు నిశ్చలంగా వింటారు, ఎందుకంటే హాజరు కాగితం ఇంకా నాలుగో వరసలోనే ఉంది. అది చివరి వరసకు చేరిన క్షణాన హాలులో కనిపించే కదలికను కవిత ప్రభావంగా భావించిన కవులున్నారు.

కుటుంబ కార్యక్రమాల సంగతి ఇంకా గంభీరమైనది. పిల్లలతో రమ్మని పిలుస్తారు, తలుపు మీద నిశ్శబ్దం పాటించమని రాస్తారు. బొమ్మలు వేయించడం, కథ చెప్పించడం వంటి పనులు విద్యాసంస్థ గౌరవానికి తగవు కనుక, మారుతున్న సమాజంలో కుటుంబ విలువల గురించి కీలకోపన్యాసం ఏర్పాటు చేస్తారు. దాని మధ్యలో నాలుగేళ్ల పిల్ల ఒకతి "అమ్మా, ఈయన ఎప్పుడు ఆపుతాడు?" అని గట్టిగా అడుగుతుంది. ప్రశ్నలు చివరన తీసుకుంటామని అధ్యక్షుడు అంటాడు. ఇంత చక్కని ప్రశ్న చివరన ఎలాగూ రాదు. ఈ ఏర్పాట్ల కోసం కొన్నాళ్లుగా చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్న అధ్యాపకుడే, సాయంకాలాలు కుటుంబంతో గడపడం ఎంత అవసరమో చెప్పే స్వాగతోపన్యాసాన్ని రాశాడన్నది కూడా ఇక్కడ నమోదు చేయవలసిన విషయం.

ఈ క్రమశిక్షణ ఒక్కరోజులో అలవడినది కాదు. విశ్వవిద్యాలయ విద్యను బయటి జనానికి అందించే ప్రయత్నం మొదట్లో ఎంత అదుపు తప్పిందో చరిత్ర చూస్తే తెలుస్తుంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం 1873లో డెర్బీ, లెస్టర్, నాటింగ్‌హామ్ పట్టణాలలో ప్రజలకు ఉపన్యాస తరగతులు ప్రారంభించడానికి ముఖ్య కారకుడైన జేమ్స్ స్టూవర్ట్, అంతకు ముందు రాచ్‌డేల్ సహకార సంఘం సభ్యులకు పాఠాలు చెప్పేవాడు. ఒకసారి ఆయన పాఠం కోసం హాలు గోడకు తగిలించిన బొమ్మలను అక్కడే వదిలి వెళ్లాడు. సంఘ సభ్యులు వాటి ముందు చేరి, పాఠం గురించి ఎవరి అనుమతీ లేకుండా చర్చించుకున్నారు. స్టూవర్ట్ దాన్ని అరికట్టవలసిందిపోయి, ఉపన్యాసానికి తోడుగా ప్రశ్నలకు, చర్చకు ప్రత్యేకంగా సమయం కేటాయించే పద్ధతినే పెట్టుకున్నాడు. నేటి నిర్వాహకులకు ఇటువంటి అజాగ్రత్త లేదు. వందన సమర్పణ సగంలో ఉండగానే బ్యానర్ విప్పి చుట్టేస్తారు, హాలు తాళం పట్టుకుని ఒక ఉద్యోగి గుమ్మంలో నిలబడతాడు.

పైకి పంపవలసిన నివేదికను చూస్తే వారి తొందర అర్థమవుతుంది. తేదీ, శీర్షిక, అతిథి హోదా, హాజరైనవారి సంఖ్య, నాలుగు ఫొటోలు అందులో తప్పనిసరి. విన్నవారు ఇంటికి ఏం పట్టుకెళ్లారన్న గడి లేదు కనుక, ఆ సమాచారం సేకరించడం నిధుల దుర్వినియోగం కిందికి వస్తుంది. మొదటి రెండు వరసలు నిండితే కెమెరాకు హాలంతా నిండినట్టే. క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే ఫీడ్‌బ్యాక్ ఫారంలో 'బాగుంది', 'చాలా బాగుంది', 'అద్భుతం' అన్న మూడు అభిప్రాయాలకు చోటుంది. ఆ మూడింటిలో ఇమడని అభిప్రాయం గలవారు ఆ పాటికి బస్టాపులో ఉంటారు.

ఇంత పకడ్బందీగా సాగుతున్న వ్యవస్థకు నేను సూచించగల సవరణ ఒక్కటే. వందన సమర్పణను చివరినుంచి మొదటికి మార్చాలి. ఆ సమయానికి ధన్యవాదాలు అందుకోవడానికి హాలులో కొందరైనా ఉంటారు, మొదటి రెండు వరసలూ చెదరకుండా ఉంటాయి, ఫొటోలు కూడా అప్పుడే తీయించవచ్చు. హాజరు కాగితాన్ని ద్వారం దగ్గరే పూర్తి చేయించి, ప్రెస్ నోట్ ముందురోజే పంపితే, ముఖ్య అతిథి కారు దిగేసరికి సభ విజయవంతంగా ముగిసి ఉంటుంది.