లైటు వేసుకోవడానికీ నెట్‌వర్క్ కావాలా?

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇదే గోల! తిరుపతిలో తిరుచానూరు రోడ్డు పక్కన మా ఇల్లు. ఇంట్లో లైట్లు వేయడానికి గోడకు బిగించిన టచ్‌స్క్రీన్ మీద ‘నెట్‌వర్క్ లేదు’ అన్న ఎర్ర అక్షరాలు. ఫోనులో ఇంటర్నెట్ వస్తోంది, టీవీలో వస్తోంది. దీనికి మాత్రం ఏం రోగం?

నిన్న సాయంత్రం దీపం పెట్టే వేళ. హాల్లో చీకటి. అమ్మ తడి చేయి కొంగుకు తుడుచుకుని ఆ తెరను నొక్కుతోంది, మళ్లీ నొక్కుతోంది. డెబ్బయ్యేళ్ల మనిషి లైటు వేసుకోవడానికి ఇంత అవస్థ పడాలా?

అమ్మినవాళ్లకు ఫోను చేస్తే ఒకటే పాట: ‘ఆపి మళ్లీ వేయండి సార్.’ ఎన్నిసార్లు వేయాలి? చివరికి నేనే సెట్టింగులు తెరిచాను. ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో ఆ తెరను గుర్తుపట్టే నంబరు, 169.254తో మొదలవుతోంది. అంటే ఇంట్లో ఇంటర్నెట్ పంచే రౌటర్ నుంచి చిరునామా అందక, తెర తనకు తానే ఒకటి పెట్టుకుంది. కరెంటు రాగానే తెర ముందు లేస్తుంది, రౌటర్‌కు ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. జవాబు రాకపోతే మళ్లీ అడగాలి కదా? అడగదు! అలాగే బిగుసుకుని కూర్చుంటుంది. రౌటర్ దీపాలన్నీ వెలిగాక తెరను ఆపి మళ్లీ వేశాను, వెంటనే కలిసింది. ఏది ముందు వేయాలో ఒక్క మాట చెప్పలేకపోయారా?

పైగా ఇది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకే, అంటే వైఫైలో ఒక్క రకానికే కలుస్తుందట. కొన్నప్పుడు ఎవరు చెప్పారు?

రేపే ఎలక్ట్రీషియన్‌ను రమ్మన్నాను. హాల్లో, వంటింట్లో, మెట్ల దగ్గర మామూలు స్విచ్చులు పెట్టిస్తున్నాను.